పట్టాలు వేసింది ఎవరు?

ఈ సాయంత్రం ఖరగ్‌పూర్ రైల్వే కాలనీ ఓల్డ్ సెటిల్‌మెంట్‌లోని మా ఇంట్లో మా అమ్మాయి చరిత్ర పాఠం పైకి చదువుతుంటే, పక్క క్వార్టర్ బెంగాలీ దీదీ గుమ్మంలో నిలబడి వింది. స్వాతంత్ర్య పోరాటంలో పేజీకొక బెంగాలీ పేరు. సొంత మేనమామలను పొగిడినట్టు ఆవిడ మురిసిపోతుంటే నాకు కడుపు మండింది.

ఆవిడ వెళ్ళాక అడిగాను. "మనోళ్ళెవరూ లేరేటే?"

"రైల్వే పాఠం ఉందమ్మా. పట్టాలు బ్రిటిష్‌వాళ్ళు ఏసినారంట."

"ఆళ్ళేసినారా! మరి పట్టాలెయ్యడానికి శ్రీకాకుళం నుంచొచ్చిన మన తాతలేటి సేసినారు, జెండాలూపినారా?"

"రేపు పరీక్షమ్మా. ఏటి రాయమంటావు?"

"బ్రిటిష్‌వాళ్ళనే రాయి" అన్నాను.

దీదీ వాళ్ళ తాతలను పుస్తకం నెత్తిన పెట్టుకుంది. మా తాతలను మాత్రం ఒక్క మార్కు కోసం నేనే దించేశాను. మీరైతే ఏం రాయించేవారు?