పెద్దల గోడకి పెట్టిన తలుపు

మా ఇంటికి ఒకటే గుమ్మం ఉండేది. మా కొండ మీద ఏ ఇంటికైనా అంతే. వెనక గోడ పెద్దలది. పోయినవాళ్ళు ఆ గోడ దగ్గరే ఉంటారని మా నమ్మకం. కొత్త సామలు వండినా, చోడి అంబలి కాచినా ముందు అక్కడ పెట్టాకే మేం తినేది. నాన్న పోయాక ఆయన్నీ అక్కడికే పిలిచి చేర్చుకున్నాం. అమ్మ రోజూ పొద్దున్నే కాఫీ గ్లాసుతో ఆ గోడకి ఆనుకుని కూర్చుని, మేక ఈనిందనీ, మిరియాల తీగ ఎండిపోయిందనీ ఆయనకి చెప్పేది. నాతో ఎన్నడూ అన్ని మాటలు మాట్లాడలేదు. ఆ మాటంటే నవ్వేది.

అరకు చూడ్డానికొచ్చే జనం మా ఊరిదాకా ఎగబాకడం మొదలయ్యాక, ఒక్క కాఫీ తోట మీద బతకలేక, ఇంటిని గదులు చేసి అద్దెకిద్దామన్నది నేనే. అనుమతి అడిగితే చూడ్డానికి ఒక ఇంజనీరు వచ్చాడు. మర్యాదస్తుడు. దుర్మార్గుడైతే తిట్టుకోవడానికైనా ఉండేది. మీరుంటే ఇది ఇల్లు, కొత్తవాళ్ళు వచ్చి పడుకుంటే హోటల్, నిప్పంటుకుంటే బయటపడ్డానికి హోటల్‌కి రెండో దారి ఉండి తీరాలి అన్నాడు. ఇన్నాళ్ళూ మాకు ఒకటి చాలలేదా అని ఎగిరాను.

"మీకు కళ్ళు మూసుకున్నా దారి తెలుస్తుంది మేడమ్. పొగలో లేచిన కొత్తవాళ్ళకి ఎలా తెలుస్తుంది?"

రెండో తలుపు ఎక్కడ పెట్టాలా అని ఇంటి చుట్టూ తిరిగాను. ఇంటికి ఒకపక్క కొండరాయి, ఇంకోపక్క చిన్నాన్న ఇల్లు. మిగిలింది పెద్దల గోడే.

అమ్మ పోట్లాడుతుందనుకున్నాను. పోట్లాడలేదు. మా పూజారి దిసారిని పిలిపించమంది. పెద్దల చోటు మార్చాలంటే ఒక్కొక్కరినీ పేరుపెట్టి పిలిచి, చేటలో దీపం పెట్టుకుని కొత్త చోటికి నడవాలి. దీపం ఆరకపోతే వచ్చినట్టు. తాత వచ్చాడు. నానమ్మా వచ్చింది. నాన్న దీపం గది మధ్యలో ఆరిపోయింది. మళ్ళీ వెలిగిస్తే మళ్ళీ ఆరింది. గాలికి ఆరిందన్నాను నేను.

"గాలి కాదే గుంటా. ఆ గోడ మీ అయ్య సేత్తో కట్టినాడు. ఇడిసి రాడు," అంది అమ్మ.

పని ఆపించనా అని అడిగాను. ఆపిస్తే ఏం తింటాం, కొట్టించెయ్యమని చోడి చేలోకి వెళ్ళిపోయింది. గోడ పడుతున్నంతసేపూ నేను పొయ్యి దగ్గర కూర్చుని ఏడ్చాను. ఆ మట్టి పెరట్లో కుప్ప పోశారు. అమ్మ దాన్ని ఇప్పటికీ ఎత్తనివ్వదు.

గోడ పోయినచోట తలుపొచ్చింది. దాని మీద పరిగెత్తే మనిషి బొమ్మతో పచ్చ లైటొచ్చింది. అమ్మ కాఫీ అరుగు మీదకి మారింది. మేక మళ్ళీ ఈనితే ఎవరికీ చెప్పలేదు.

చివరిసారి చూడ్డానికొచ్చిన ఇంజనీరు ఆ తలుపుని వేలితో నెట్టాడు. తెరుచుకుంది. ఎక్కడ చూసినా దొంగల భయంతో ఈ తలుపుకి తాళమేసి మంచం అడ్డం పెడతారనీ, గడియైనా పెట్టనివాళ్ళని ఇక్కడే చూశాననీ సంతోషపడ్డాడు. రూలు బాగా పాటిస్తున్నారని అమ్మని మెచ్చుకున్నాడు.

అమ్మకి రూలేమిటో తెలీదు.

"మా మడిసి బయటే ఉండిపోనాడు బాబూ," అంది. "ఎప్పుడొత్తాడో తెల్దు. గడియెలాగేత్తాను?"