ఏడు ప్రాణాల కాగితం

పోయిన ఆదివారం మధ్యాహ్నం మా అన్న కూతురు తన ఆఫీసు స్నేహితుల్ని నలుగుర్ని ఛత్రినాకలోని మా ఇంటికి తీసుకొచ్చి, ముందు గదిలో బల్ల మీద పటం ఒకటి పరిచి, నా పక్కన చేరి తన కష్టమంతా వెళ్ళబోసుకుంది. ఆ పిల్లకు కథలాట పిచ్చి. ఒకరు కథ నడిపిస్తుంటే మిగిలినవాళ్ళు అందులో వీరులై, ఏం చేస్తారో నోటితో చెప్పి, పాచికలు వేసి గెలుపోటములు తేల్చుకునే ఆట అది. ఎవరో రాసి అచ్చువేసిన కథను కొనుక్కొచ్చిందట, నడిపించడానికి సిద్ధం చేసుకునేసరికి వారం పట్టిందట, అయినా మొదటి గంటలోనే అందరూ చచ్చేట్టున్నారని దాని దిగులు. నాకు నవ్వాగలేదు. ఇదే ఇంట్లో, మేడ మీది రేకుల గదిలో, తన మేనత్త పదహారేళ్ళ వయసులో వారానికి ఇద్దర్నయినా చంపేదని ఆ పిల్లకేం తెలుసు?

మా తరంవాళ్ళు నమ్ముతారో లేదో గానీ, ఈ ఆట మాకు అప్పుడే తెలుసు. మా చిన్నాయన కొడుకు కోఠీ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల కుప్పలోంచి అట్ట చిరిగిన ఇంగ్లీషు పుస్తకం ఒకటి నవల అనుకుని తెచ్చాడు. తీరా చూస్తే అది నవల కాదు. ఆడేవాళ్ళకు చదివి వినిపించాల్సిన ముక్కలు గళ్ళలో కట్టి ఉన్నాయి, కథ నడిపేవాళ్ళు మాత్రమే చూడాల్సిన రహస్యాలు వాటి కింద చిన్న అక్షరాల్లో ఉన్నాయి. ఆట నియమాలు చెప్పే పుస్తకం వేరే ఉండాలట, అది మాకు దొరకలేదు. దొరక్కపోతే ఏం, పచ్చీసు ఆడే గవ్వలు ఏడు ఉన్నాయి కదా అని, ఎన్ని వెల్లకిలా పడితే అంత బలమని మేమే ఒక నియమం పెట్టుకున్నాం. ఇంట్లో ఇంగ్లీషు కాస్త వచ్చింది నాకే, నోరు పెద్దదీ నాకే, కాబట్టి కథ నడిపే పెత్తనం నాకు దక్కింది.

ఆ పెత్తనం ఊరికే రాలేదు. పుస్తకాన్ని మూడుసార్లు చదివి, నోటుబుక్కులో తెలుగులోకి దించుకుని, మావాళ్ళకు అర్థం కానివన్నీ కొట్టేసేదాన్ని. కందకం మీద పైకి లేచే వంతెన సంగతి ఎన్నిసార్లు చెప్పినా మా చిన్నాయన కొడుకు బుర్రకెక్కలేదు. చివరికి విసుగొచ్చి, కోటను తీసేసి మా గల్లీనే పెట్టాను. దొంగల స్థావరం ఉస్మాన్‌గంజ్‌లో మా నాయిన గుమాస్తాగా పనిచేసే మిర్చి గోదాము అయింది, వర్తకుల బిడారు కార్వాన్ నుంచి బయల్దేరింది. వీరులకు కొత్త పేర్లు పెట్టుకోవడానికి మావాళ్ళకు సిగ్గు, అందుకని ఎవరి పేరు వాళ్ళదే. మనిషికొక కాగితం నా చేత్తోనే రాసేదాన్ని, పైన పేరు, కింద ఆయుధాలు, ఏడు ప్రాణాల్లో ఇంకా ఎన్ని మిగిలాయో అదీ.

పటం గీసేది మా అన్న. దుకాణాల బోర్డులు రాసే పెయింటరు. బోర్డు మీద తెలుగు అన్న రాస్తే ఉర్దూ అన్న దోస్తు రాసేవాడు, ఇద్దరికీ కలిపి ఒకే నిచ్చెన. ఆదివారాలు మా ఆటకూ వచ్చేవాడు. అన్న చేతికి ఒక విద్య ఉండేది, ఎవరి రాతనైనా ఒక్కసారి చూశాడంటే అచ్చం దించేవాడు. నా వంకర రాతలో సెలవు చీటీలు రాసి నా పుస్తకాల్లో పెట్టి నన్ను ఎన్నిసార్లు ఏడిపించాడో లెక్కలేదు. పటం మీద ఇళ్ళూ గల్లీలూ అతను గీస్తే, శత్రువులు ఎక్కడ దాక్కుంటారో, ఎవర్ని ఎట్లా చంపుతారో ఎర్ర సిరాతో నేను రాసేదాన్ని.

చంపడమంటే నాకు అంత సరదా మరి. పుస్తకంలో మూడు కొట్లాటలుంటే నేను తొమ్మిది చేసేదాన్ని. గొంతులు కోయించాను, మేడల మీంచి కాగిన నూనె పోయించాను. మిర్చి బస్తాలకు నిప్పంటించి గోదాములో దొంగల్ని దగ్గించి దగ్గించి చంపినప్పుడు అన్న దోస్తు తొడ చరిచి మెచ్చుకున్నాడు. తల తెగి చౌరస్తాలో పడిందని చదివి వినిపిస్తే మా చిన్నాయన కొడుకు నిజంగానే ఏడ్చి ఆ పూట అన్నం మానేశాడు. చివరిగా ఆడిన రోజున, మా గల్లీ మూల మీద పన్నెండు మంది కత్తులతో కాచుకుని ఉన్నారు, వాళ్ళకెదురుగా అన్న దోస్తు వీరుడొక్కడే ఏడుకు ఏడు ప్రాణాలతో నిలబడ్డాడు. మిగిలింది వచ్చే ఆదివారమని కాగితాలు సర్దేశాం.

ఆ ఆదివారం రాలేదు. ఊళ్ళో మతం గొడవలు మొదలయ్యాయి, కర్ఫ్యూ పెట్టారు, అన్న దోస్తు అటు, మేము ఇటు ఉండిపోయాం. రెండో రోజు కర్ఫ్యూ సడలించిన గంటలో, మా గల్లీకి పాలు పోసే మనిషిని మూల మీద పొడిచారు. నేను మేడ మీంచి చూశాను. నేను రాసిన మనుషుల్లా అతను ఒక్క పోటుకు పడిపోలేదు. కడుపు పట్టుకుని, దొర్లిపోతున్న క్యాను కోసం రెండడుగులు వేశాడు, కూర్చున్నాడు, ఎవరినో పేరు పెట్టి పిలిచాడు, చాలాసేపు పిలిచాడు. పాలూ నెత్తురూ కలిసి మోరీ వైపు పారాయి. ఎవరూ తలుపు తీయలేదు, మేమూ తీయలేదు. నెత్తుటి గురించి గడగడా చదివిన నా నోట అమ్మా అన్న మాట కూడా రాలేదు.

మర్నాడు పోలీసులు సోదాలకొచ్చారు. మెట్ల మీద బూట్ల చప్పుడు వినగానే అన్న కాగితాల కట్టలోంచి తన దోస్తు కాగితం ఒక్కటి లాగి నా చేతిలో కుక్కాడు. పేరు, కత్తి, బల్లెం అని రాసున్న కాగితం దొరికితే ఆ మనిషి గతి ఏమవుతుందో అన్నకు తట్టింది. నేను దాన్ని నడుముకు దోపుకుని తలుపు పక్కకు జరిగాను. పటం సంగతి మాత్రం ఇద్దరికీ తట్టలేదు, అది ఆట వస్తువే కదా మాకు. వచ్చిన అధికారి దాన్ని విప్పాడు. అందులో మా గల్లీ ఉంది, మా ఇళ్ళున్నాయి, మూల మీద ఎర్ర గుర్తు, పక్కన నా రాత: ఇక్కడ పన్నెండు మంది, కత్తులు, బయటికొస్తే నరకాలి. ఆ గుర్తు సరిగ్గా పాలమనిషి పడిన చోటే ఉంది.

"ఇదేంది?" అన్నాడు.

"ఆట, సార్," అన్నాడు అన్న.

మొదటి దెబ్బ మోకాలి మీద, రెండోది చెవి మీద పడింది. పడిపోయినవాణ్ణి బూట్లతో తన్ని లేపారు. గీత ఒకడిది, రాత ఇంకొకడిది, ఆ రెండోవాడెవడో చెప్పమంటూ కొట్టారు. అడిగిన ప్రతిసారీ నేను నోరు తెరవబోయాను, ప్రతిసారీ అన్న నాకంటే ముందు "అంతా నేనే రాసిన, సార్" అన్నాడు. అయితే రాసి చూపించమన్నారు. ముక్కులోంచి నెత్తురు కాగితం మీద బొట్లు బొట్లుగా పడుతుంటే, అన్న కూర్చుని నా వంకర అక్షరాలు ఒక్కటీ తప్పకుండా దించాడు. ఇక్కడ పన్నెండు మంది. అధికారి రెండు రాతలూ పక్కపక్కన పెట్టి చూసి నమ్మాడు. నమ్మాడు కాబట్టే, ఆ రాసిన చేతిని గడప మీద పెట్టించి లాఠీతో కొట్టించాడు. మూడు వేళ్ళు విరిగాయి, ఎండుపుల్లలు విరిచినట్టు వినబడింది.

నేను చెప్పలేదు. అన్న చూపే నన్ను ఆపిందని చాలా ఏళ్ళు నాకు నేను సర్దిచెప్పుకున్నాను. అది అబద్ధం, నేను భయపడ్డాను.

అన్నను స్టేషనుకు పట్టుకుపోయారు, నాయిన పనిచేసే గోదాము సేటు తిరిగి తిరిగి బతిమాలితే నాలుగు రోజులకు వదిలారు. వేళ్ళు అతికాయి గానీ మళ్ళీ ముడుచుకోలేదు, కుంచె నిలవలేదు. అన్న దోస్తు తెలుగు అక్షరాలు నేర్చుకుని బోర్డులన్నీ తనే రాశాడు, అన్న కింద నిలబడి రంగులు కలిపి ఇచ్చాడు, అయినా ప్రతి బోర్డు అంచునా ఇద్దరి పేర్లూ ఉండేవి. పిల్లలు పుట్టాక వాళ్ళకు అన్న నిచ్చెన మీంచి పడ్డానని చెప్పాడు. నేనూ అదే చెప్పాను.

పోయిన ఆదివారం అన్న బిడ్డ పటాన్ని కళ్ళజోడు పెట్టుకుని చూశాక నా నవ్వు ఆగిపోయింది. పుస్తకంలోని ఊరు నచ్చక మన గల్లీలనే పెట్టుకున్నానని గర్వంగా చెప్పింది, ఎవరూ నేర్పకుండానే. ముందున్న కాగితాల మీద వాళ్ళ సొంత పేర్లే. నేను లేచి లోపలికి వెళ్ళి, ట్రంకు పెట్టె అడుగు నుంచి అన్న దోస్తు కాగితం తెచ్చి బల్ల మీద పెట్టాను. ఆ మనిషి పోయి నాలుగేళ్ళు, కాగితం మీద మాత్రం ఇంకా ఏడు ప్రాణాలూ ఉన్నాయి. ఈ రాత ఎవరిదని అన్న బిడ్డ అడిగింది. బల్ల పక్కనే కుర్చీలో కూర్చుని ఆట చూస్తున్న అన్న నా ముఖమైనా చూడకుండా, "నేనే రాసిన, బిడ్డా" అన్నాడు.

"కాదు, నేను రాసిన," అన్నాను. "మీ నాయిన వేళ్ళు నిచ్చెన మీంచి పడి విరగలే."

మొదటి నుంచి చివరిదాకా చెప్పాను. అన్న బిడ్డ వాళ్ళ నాయిన చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని ఊరికే పట్టుకుని కూర్చుంది. అన్న కాసేపటికి ఆ కాగితాన్ని ఎడమచేత్తో దగ్గరికి లాక్కున్నాడు.

"గవ్వలున్నయా, చెల్లె? వాడు ఇంకా మూల మీదనే నిలబడ్డడు."

గవ్వల కోసం లేవబోతుంటే మెట్ల మీద బూట్ల చప్పుడైంది. పిల్లలు బిర్యానీ వచ్చిందంటూ కాగితాలూ పటమూ పేర్లూ అన్నీ బల్ల మీదే వదిలేసి, ఒకరినొకరు తోసుకుంటూ తలుపు దగ్గరికి పరుగెత్తారు. అన్న చేయీ నా చేయీ మాత్రం ఒకేసారి ఆ కాగితం మీద పడ్డాయి. ఇద్దరం ఒకరినొకరు చూసుకున్నాం, తీయడానికి కొంతసేపు పట్టింది. మా గల్లీలో మిద్దెలు పెరిగాయి, చేత్తో రాసిన బోర్డులు పోయాయి, వాటి గురించి నాకు పెద్ద బెంగ లేదు. మెట్ల మీద చప్పుడైతే ఆకలి గుర్తొచ్చే పిల్లలు మా ఇంట్లో పెరిగారు, అది చాలు, ఆ పరుగు మా ఇద్దరికీ ఒక్కరోజైనా ఉండి ఉంటే బాగుండేది.