పదో వంతు ట్రక్కు

ఆర్విడ్ కోస్కెలాకు మొండితనం ఉగ్గుపాలతోనే అబ్బిందని ఇష్పెమింగ్ ఊళ్ళో అందరూ అంటారు. నేషనల్ గార్డ్ సైనికదళం షెడ్డులో ఇరవై ఆరేళ్ళు రెండున్నర టన్నుల ఆర్మీ ట్రక్కులు బాగుచేశాడు. కింద పనిచేసే కుర్రాళ్ళెవరైనా నట్టు బిగించి "ఇంక చాల్లే" అన్నారో, ఆ నట్టు విప్పించి మళ్ళీ బిగించేదాకా అన్నానికి పోనిచ్చేవాడు కాదు.

రిటైరయ్యాక అదే ట్రక్కును నిజం బండికి పదో వంతు కొలతలో, ఇంటి నేలమాళిగలో కట్టడం మొదలుపెట్టాడు. రెండడుగుల పైచిలుకు పొడవు, పది టైర్లు, రిమోట్‌తో నడిచేది. మోటారు, బ్యాటరీ, గేర్లు, టైర్లు కొన్నాడు. మిగతాదంతా త్రీడీ ప్రింటర్ మీద సొంతంగా పోసుకున్నదే. ఒక్క బానెట్టు దిగడానికే పదకొండు గంటలు పట్టేది. అందులో గీత కనిపిస్తే పక్కన పారేసి మళ్ళీ మొదలుపెట్టేవాడు. ఎవరి పిచ్చి వారికి ఆనందం.

సగం పనిలో ఉండగా కుడిచేతి బొటనవేలు వణకడం మొదలైంది. తర్వాత చెయ్యంతా. డాక్టరమ్మ పార్కిన్సన్స్ అంది, మాత్రలు రాసింది. మాత్ర వేసుకుంటే రెండు మూడు గంటలు వణుకు తగ్గుతుంది, ఆ తర్వాత మామూలే. ఈ సంగతి భార్య మార్లిస్‌కు తప్ప ఊళ్ళో ఎవరికీ చెప్పలేదు. ఆమెనూ చెప్పనివ్వలేదు.

ట్రక్కులో మరలు బియ్యపు గింజంతేసి ఉంటాయి. అవి రోజుకు పది కింద పడేవి. మార్లిస్ అయస్కాంతం పట్టుకుని నేలంతా పాకుతూ వెతికేది.

"మళ్ళీ పారేశావా?"

"పారెయ్యలేదు, పడింది."

"పడ్డదానికి కాళ్ళొచ్చాయా, బీరువా కిందికి నడిచిపోయింది?"

ఆర్విడ్ నవ్వేవాడు కాదు. చివరికి మరలతో పని లేకుండా, నొక్కితే టక్కున పట్టుకునేలా ప్రతి భాగాన్నీ కంప్యూటర్ మీద తిరిగి గీశాడు. తలుపులు మూడుసార్లు విరిగాయి. మూడు నెలల పనికి ఏడాది పట్టింది. తన ట్రక్కు తన చేతులకే కొరుకుడు పడకపోవడం అతనికి సిగ్గుగా ఉండేది. సిగ్గెందుకని అడిగితే కోపం వచ్చేది.

అన్నీ మార్చినవాడు ముందు బంపరుకు ఉండే, ఇరుక్కున్న బండిని తాడు తగిలించి లాగే రింగులను మాత్రం మార్చలేదు.

"అవి కాస్త పెద్దవి చెయ్యరాదూ? వేలిగోరంత కూడా లేవు," అంది మార్లిస్.

"నిజం బండికి ఎంతుంటే అందులో పదో వంతు. కొలతంటే కొలతే."

"కొలత సరే, నీ చెయ్యి..." అని ఆమె ఆగిపోయింది. అతను ప్రింటర్ బటన్ నొక్కాడు.

ఇదంతా సెప్టెంబరు కాన్వాయ్ కోసం. ఇలాంటి ట్రక్కులు కట్టేవాళ్ళు ఆ చుట్టుపక్కల ఎనిమిది మంది. ఏటా పాత ఇనుప గని దగ్గర, ఎర్రమట్టి బాటలో మైలు దూరం వరసగా నడుపుతారు. ఎవరి బండి వెనక వాళ్ళు రిమోట్ పట్టుకుని నడుచుకుంటూ వెళ్ళాలి. బోల్తా పడినా చేత్తో ముట్టుకోకూడదు. యజమాని తాడు కొక్కెం ఒక్కటి రింగుకు తగిలించొచ్చు, ఆపైన ఇంకో ట్రక్కే లాగాలి. ఎవరి చెయ్యి బండి మీద పడినా అందరూ ఒక్కసారిగా "చెయ్యి పడిందోయ్!" అని అరుస్తారు. ఆ బండి వరస చివరికి పోవాలి, యజమాని రోజంతా వెక్కిరింతలు పడాలి. ఈ నియమం పెట్టింది ఆర్విడే. ఒకసారి కాలికి కట్టు కట్టుకుని వచ్చిన ముసలాయన్ని కూడా వదల్లేదు.

"ఈ బండితో ఒక్కసారి, చెయ్యి పడకుండా, ముందుండి నడపాలి," అన్నాడు మార్లిస్‌తో. "వచ్చే ఏటికి ఈ వేలు నా మాట వినదు."

ఆ ఉదయం లెక్క చూసుకుని మాత్ర వేసుకున్నాడు. మార్లిస్‌ను బాట చివర దింపి, తను మొదటికి వెళ్ళాడు. కానీ ట్రక్కును కారులోంచి దించగానే అందరూ మూగారు. బానెట్టు ఎత్తి చూసేవాళ్ళు, నేల మీద పడుకుని చక్రాల కిందికి చూసేవాళ్ళు. డ్వేన్ పెల్కీ అయితే టోపీ తీశాడు. అతను గార్డులో ఆర్విడ్ కింద పనిచేసినవాడు.

"సార్జెంటూ, దీన్ని గార్డు వాళ్ళకి చూపించకు. తీసుకెళ్ళి యుద్ధానికి పంపేస్తారు!"

"నీ బండిని పంపితే శత్రువులు నవ్వి చస్తార్రా."

గంటన్నర పొగడ్తలకే పోయింది. మాత్ర పనిచేసే వేళ అక్కడే కరిగిపోయిందని ఆర్విడ్‌కు తెలుస్తూనే ఉంది. తొందరగా కదలండని అంటే ఎందుకని అడుగుతారని భయం. పాపం, మింగలేక కక్కలేక నిలబడ్డాడు.

సగం బాటలో నీటికాలువ దాటడానికి వేసిన చెక్కపలక వస్తుంది. ముందు ఆర్విడ్ ట్రక్కు ఎక్కింది. రిమోట్ మీద బొటనవేలు వణికింది, ముందు చక్రాలు ఎడమకీ కుడికీ కొట్టుకున్నాయి, ట్రక్కు పలక అంచు దాటి బురదలో పక్కకు ఒరిగింది.

"కళ్ళు ఇంట్లో పెట్టొచ్చావా సార్జెంటూ?" అని ఎవరో అరిచారు. అందరూ నవ్వారు. డ్వేన్ తన బండిని కాలువ ఒడ్డుకు తెచ్చి ఆపాడు. ఆర్విడ్ మోకాళ్ళ మీద కూర్చుని ఆ బండి తాడు కొక్కెం అందుకున్నాడు.

రింగు సరిగ్గా పదో వంతు ఉంది. కొక్కెం దాని చుట్టూ టకటకా కొట్టుకుంది గానీ లోపలికి పోలేదు. ఎడమచేత్తో కుడి మణికట్టు పట్టుకున్నాడు, రెండూ వణికాయి. నవ్వులు ఆగిపోయాయి. ఆ టకటక ఒక్కటే అందరికీ వినిపిస్తోంది. ఐదు నిమిషాలు గడిచాయో పది గడిచాయో, మోకాళ్ళ కింద ఎర్ర నీళ్ళు ఊరాయి. పక్కనున్న ఏడుగురిలో ఒక్కడూ తన కేసి చూడటం లేదని ఆర్విడ్‌కు అర్థమైంది.

డ్వేన్ వంగాడు. రెండు చేతులతో ట్రక్కును ఎత్తి, బురద తుడిచి, అవతలి ఒడ్డున బాట మీద పెట్టాడు.

ఎవరూ అరవలేదు.

"అరవరేం?" అన్నాడు ఆర్విడ్. "చెయ్యి పడింది! నేను వెనక్కి పోవాలి. అరవండి!"

"పోనీలే సార్జెంటూ," అన్నాడు డ్వేన్, కాలువలోకి చూస్తూ. "ముందు నువ్వే నడుపు. మేం మెల్లగా వస్తాం."

పోనీలే! కొట్టినా ఇంత నొప్పి ఉండేది కాదు. తిడదామంటే వాళ్ళు చేసిన తప్పేమిటి? ఆర్విడ్ లేచి రిమోట్ నొక్కాడు. ట్రక్కు అటూ ఇటూ కొట్టుకుంటూ కదిలింది. వెనక ఏడు బండ్లూ దాని నడకకు తగ్గి వచ్చాయి.

బాట చివర మార్లిస్ మాంసం, బంగాళాదుంప కూరి కాల్చిన వేడి పేస్టీల బుట్టతో ఎదురుచూస్తోంది. భర్త బండి ముందు రావడం చూసి బుట్ట కింద పెట్టి చప్పట్లు కొడుతూ పరుగెత్తుకొచ్చింది.

"చెయ్యి పడలేదా?"

ఆర్విడ్ నోరు తెరిచేలోగా డ్వేన్ అందుకున్నాడు. "ఒక్కసారి కూడా పడలేదమ్మా. దొరలా నడిపాడు."

మిగతా ఆరుగురూ అవునవునన్నారు. మార్లిస్ కళ్ళనిండా నీళ్ళతో భర్త కేసి తిరిగింది.

"నిజమేనా?"

ఆర్విడ్ చేతులు జేబుల్లో పెట్టుకుని, అవునని తలూపాడు.