బోటాటౌంగ్‌లో ఐదు పళ్ళేలు

రష్యా నుంచి వచ్చి బర్మాలోని యాంగోన్‌లో కాపురాలు పెట్టిన కుటుంబాలను ఫొటోలు తీయాలని విశాఖ నుంచి కోల్‌కతా మీదుగా వెళ్ళాను. వారం తిరిగినా ఒక్క తలుపు తెరుచుకోలేదు. వెళ్ళాలనుకునేవారు ముందే తెలుసుకోవాలి, అక్కడ కెమెరా కనబడితే జనం మాట మారుస్తారు. లమ్మడా పేటలో నేను దిగిన లాడ్జి గుమాస్తా రోజూ పొద్దున్నే నా పాస్‌పోర్టు అడిగి చూసేవాడు. వాడి మీద నాకూ అనుమానమే.

చివరి రోజు పదకొండు గంటలకు టాక్సీలో రేవు దగ్గరి బోటాటౌంగ్ పేట చేరాను. డ్రైవరు వీధి మొదట్లోనే దింపేసి వెళ్ళిపోయాడు. అక్కడ రొట్టెలు కాల్చి అమ్ముకునే రష్యన్ ఆవిడ తమారా ఎలాగో ఒప్పుకుని రమ్మంది. మూడో అంతస్తులో తలుపు తీసింది మాత్రం తమారా అద్దెకుండే ఆ ఇంటి యజమానురాలు డా పార్వతి. పెద్దావిడను బర్మా వాళ్ళు డా అంటారు. ఈవిడ తాతలు శ్రీకాకుళం నుంచి రేవు పనికి వచ్చినవారు.

"ఎవులు పంపినారు బాబూ నిన్ను?"

"ఎవరూ పంపలేదండీ, నేనే వచ్చాను."

"ఎవులూ పంపకుండా ఇంత దూరం ఒస్తారేటి?"

తమారా బీట్‌రూట్ చారు, రొట్టె పెట్టింది. తింటున్నది ముగ్గురం. బల్ల మీద పళ్ళేలు ఐదు. రొట్టె కోస్తున్న తమారా చేతుల్ని ఫొటో తీసి, కెమెరా తెర మీద చూసుకున్నాను. వెనక బీరువా అద్దంలో ఇద్దరు కుర్రాళ్ళు పడ్డారు, ఒకడు తెల్లగా, ఒకడు చామనఛాయగా. రష్యాలోనూ బర్మాలోనూ ఆ వయసు వాళ్ళను సైన్యంలోకి పట్టుకుపోతున్నారు. ఇద్దరు తల్లులూ కొడుకుల్ని దాచుకున్నారు. ఈ యాత్రలో అంత మంచి ఫొటో మరొకటి పడలేదు.

పార్వతి నా భుజం మీంచి చూసేసింది.

"సెరిపీ బాబూ! వార్డు ఆపీసోల లిస్టులో ఈ ఇంట్లో మేవిద్దరవే ఉన్నాం."

ఆవిడ చూస్తుండగానే చెరిపేశాను. నా కెమెరాలో కార్డులు రెండు. తీసిన ప్రతి ఫొటో రెండింట్లోనూ పడుతుంది. ఆ సంగతి చెప్పలేదు. ఆవిడ నా చెయ్యి పట్టుకుంది.

"అనుమానించీసినాను. ఏటీ అనుకోకు బాబూ."

మూడింటికి ఎయిర్‌పోర్టుకు బయలుదేరాను. దారిలో సైనికులు టాక్సీ ఆపి బ్యాగు విప్పారు. కెమెరా తీసి, అటూ ఇటూ తిప్పి, మళ్ళీ పెట్టేశారు. టాక్సీ కదలగానే రెండో కార్డులోదీ చెరిపేశాను. భయంతోనే చెరిపాను, గొప్ప చెప్పుకోవడానికేమీ లేదు.

కోల్‌కతా విమానంలో భోజనం ముట్టలేకపోయాను. ఊరంతా నన్ను అనుమానిస్తోందని వారమంతా విసుక్కున్నాను. నమ్మింది ఒక్క ఇల్లు. నేను మోసం చేసింది ఆ ఇంటినే.