కంపోస్టు కుండలో రాత్రి అన్నం

హైదరాబాద్ కొత్తగూడలో మా ఫ్లాటు ఐదో అంతస్తు. బాల్కనీలో కంపోస్టు చేద్దామనుకున్నప్పుడు నా ముందు మూడు పద్ధతులున్నాయి. వానపాముల డబ్బా ఒకటి. మే నెల ఎండకు అవి బతకవు, బతికినా వాటిని చూస్తూ నేను బతకలేను. తవుడు పొడి చల్లి, మూత బిగించి పులియబెట్టే బకెట్టు రెండోది. అందులో వండిన అన్నం కూడా వేయొచ్చు, కానీ పులిశాక మట్టిలో పూడ్చాలి. ఐదో అంతస్తులో మట్టి ఎక్కడిది? చివరికి ఒకదాని మీద ఒకటి పెట్టే మూడు మట్టికుండలు కొన్నాను. తొక్కులు ఒక పొర, ఎండుటాకులు ఒక పొర, అంతే. వండినవి వేయొద్దని అమ్మినాయన రెండుసార్లు చెప్పాడు. రెండుసార్లూ తలూపాను.

నెల తిరగకుండానే పక్క ఫ్లాటు ఆమె తలుపు తట్టింది. ఆమె నర్సు, గుంటూరు వైపు మనిషి. రాత్రి డ్యూటీ కాబట్టి పగలే నిద్ర. ఆమె పడకగది కిటికీకి ఆనుకునే మా బాల్కనీ.

“ఏమనుకోకండి, వాసనకి నిద్ర పట్టట్లేదండి. కిటికీ మూస్తే ఉక్క. డ్యూటీలో కళ్లు మూతలు పడుతున్నాయి. ఇలాగైతే నెలాఖరుకి ఇల్లు మారిపోవాలండి.”

నాకు చర్రున కోపం వచ్చింది. మంచి పని చేస్తుంటే ఈ పేచీ ఏమిటి? విసురుగా వెళ్లి పై కుండ మూత తీశాను. అబ్బా! ముక్కు మూసుకుని రెండడుగులు వెనక్కి వేశాను. ఆమె స్థానంలో నేనుంటే మొదటి రోజే పోట్లాడేదాన్ని. సిగ్గేసింది.

మా ఇంట్లో పనిచేసే ఆమె కుండను పాత పేపర్ల మీద బోర్లించింది.

“ఏందమ్మా గిది? అంత అన్నమే ఉన్నది. ఎవరేస్తున్నరు?”

ఇంకెవరు, నేనే. మాది అనంతపురం. రాత్రి గిన్నె అడుగు ఊడ్చకూడదు, వేళ కాని వేళలో ఎవరైనా వస్తే పెట్టడానికి ఉండాలని మా అమ్మ పెంపకం. అందుకే ఇంట్లో నేనూ మావారూ ఇద్దరమే అయినా ఒక మనిషికి సరిపడా ఎక్కువే వండుతాను. ఇక్కడ చెప్పకుండా వచ్చేదెవరు? ఫోన్లో సరేనంటే గానీ గేటు దాటి కొరియర్ కూడా పైకి రాదు. మిగిలిన అన్నం చెత్తబుట్టలో వేయడానికి చేయి రాదు. కుండలో వేస్తే పారేసినట్టు కాదని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

ఇదంతా చెబితే పనామె నవ్వింది. “ఎవలన్న వస్తరని ఉంచుతున్నవ్ గదమ్మా. గా నర్సమ్మ పొద్దుగాల డ్యూటీ నుంచి వచ్చి ఉత్త బ్రెడ్డు తిని పండుకుంటది. ఆ ఇంట్ల గూడ నేనే పనిచేస్త, నాకెర్క. ఆమె కనవడలేదా నీకు?”

మాట సూటిగా తగిలింది. ఆ రోజే కిందికి వెళ్లి, వాచ్‌మన్ ఊడ్చి పోగేసిన ఎండుటాకులు రెండు సంచులు తెచ్చాం. ముద్ద విడదీసి, ఆకులు కలిపి మళ్లీ కుండకెత్తాం. రోజూ కర్రతో కలియబెడితే వారానికి కంపు పోయి తడిమట్టి వాసన మిగిలింది.

రాత్రి అన్నం మర్నాటి నుంచే నిమ్మకాయ పిండి, పచ్చిమిరపకాయల పోపు వేసిన మా అనంతపురం చిత్రాన్నమైంది. పొద్దున్నే లిఫ్టు దగ్గర డబ్బాతో నిలబడేదాన్ని. మొదటి రోజు “అయ్యో, ఎందుకండీ” అంటూనే ఆమె తలుపు తాళం కూడా తీయకుండా మూత తీసింది.

నెలాఖరు వచ్చింది. ఇల్లు చూసుకుందేమోనని నాకు గుండె పీచుపీచుమంటూనే ఉంది. ఆ పొద్దున డబ్బా చేతికిచ్చి అడిగేశాను. ఆమె ఒక ముద్ద తిని, కళ్లు తుడుచుకుంది.

“నేను గుంటూరు దాన్నేనండి. అయినా రేపటి నుంచి పచ్చిమిరపకాయలు కాస్త తగ్గించండి.”