బాపు వెనక నడిచిన రోజు

బాటనీ ఎమ్మెస్సీ రెండో ఏడాదిలో మాకొక పని అప్పజెప్పారు. యూనివర్సిటీ ఆవరణలో ఉన్న కాలిబాటలన్నీ తిరిగి, ఏ బాట పక్కన ఏ చెట్లున్నాయో రాసుకుని రావాలి. నా వంతుకు హాస్టళ్ల వెనక నుంచి ప్రహరీగోడ వెంట పోయే బాట వచ్చింది. అటువైపు పొదలెక్కువ, ఒక్కదానివే పోవద్దని మేడం మరీ మరీ చెప్పింది. తోటివాళ్లు తలా ఒక దిక్కు వెళ్లారు. అందుకని కార్ఖానాకు సెలవున్న రోజు చూసి మా బాపును తోడు రమ్మన్నాను.

బాపు బట్టల కార్ఖానాలో లూమ్, అంటే మరమగ్గం, నడుపుతాడు. నేను పుట్టకముందే సిరిసిల్ల దగ్గరి పల్లె నుంచి సూరత్ వచ్చాడు. అక్కడి లింబాయత్ బస్తీలో మా గది, రెండు గల్లీల అవతల ఆయన కార్ఖానా. ఇన్నేళ్లలో యూనివర్సిటీ గేటు దాటింది లేదు.

“నన్ను లోపలికి రానిస్తరా?” అన్నాడు, పెళ్లిళ్లకు వేసుకునే చొక్కా గుండీలు పెట్టుకుంటూ.

“ఎందుకు రానియ్యరు బాపూ? నాతోని వస్తున్నవ్ గదా.”

అప్పుడు ఫిబ్రవరి. బాట మొదట్లో కానుగలు, రేలచెట్లు, కొంచెం లోపలికి పోతే నల్లతుమ్మలు. మలుపు తిరగ్గానే నిండా పూసిన మోదుగ కనిపించింది. బాపు అక్కడే నిలబడిపోయాడు.

“అరె, ఇది మా దిక్కు మోదుగనే గదా! గిక్కడ గూడ ఉన్నదా?” రాలిన పువ్వొకటి తీసి జేబులో పెట్టుకున్నాడు. ఆయనను అంత సంతోషంగా చూసి ఎన్నాళ్లయిందో. ఇక నన్ను దాటి తానే ముందు నడవసాగాడు. నేను టేపుతో మాను చుట్టుకొలత తీసుకుంటూ వెనకబడ్డాను.

“బాపూ, జర ఆగు!” అని పిలిచాను. ఆయన ఆగలేదు. ఇంకోసారి పిలిచాను. చేతులు వెనక్కి కట్టుకుని కొమ్మలు చూసుకుంటూ పోతూనే ఉన్నాడు.

అంతలో నా పక్క నుంచి ఒకమ్మాయి సైకిల్ మీద బెల్లు కొట్టుకుంటూ వెళ్లింది. బాపు సరిగ్గా బాట మధ్యలో నడుస్తున్నాడు. ఆ పిల్ల వదలకుండా బెల్లు కొడుతూనే ఉంది. ఆయన పక్కకు జరగలేదు. చివరి క్షణంలో ఆమె హ్యాండిల్ తిప్పి పొదల్లో పడింది. హ్యాండిల్ కొస బాపు మోచేతికి తగిలింది. ఆ సైకిల్ ఆకాశం నుంచి ఊడిపడ్డట్టు ఆయన ఉలిక్కిపడ్డాడు.

“కాకా, సంభళాతూ నథీ?” వినపడదా అని గుజరాతీలో అరిచిందా అమ్మాయి.

బాపు ఆమె నోటి వంక చూశాడు. చిన్నగా నవ్వి, “మాఫ్ కరో బేటీ” అంటూ సైకిల్ లేపి ఇచ్చాడు. ఆమె దుమ్ము దులుపుకుని వెళ్లిపోయింది. బాపు మళ్లీ ముందుకు కదిలాడు.

నాకు అనుమానం వచ్చింది. ఆయన వెనక నాలుగడుగుల దూరంలో నడుస్తూ, మామూలు గొంతుతో, “బాపూ, నన్ను పాము కరిచింది” అన్నాను.

ఆయన నడుస్తూనే ఉన్నాడు.

“బాపూ, పాము కరిచింది నన్ను.” ఈసారి కొంచెం గట్టిగానే అన్నాను. ఆయన ఒక తీగ పట్టుకుని, ఆకు తెంపి వాసన చూశాడు. పరుగెత్తి ముందుకు వెళ్లి అడ్డం నిలబడ్డాను.

“బాపూ, నీకు వినవడ్తలేదా?”

నా పెదవులు చూశాడు. తల దించుకున్నాడు. పక్కనున్న కల్వర్టు గోడ మీద కూర్చున్నాడు.

“లూముల నడుమ అన్నేండ్లు నిలబడితె ఎవలకు వినవడ్తది బిడ్డా? మా లైన్ల అందరం గంతే. మూతులు జూసుకుంట మాట్లాడుకుంటం.”

“ఎప్పటిసంది?”

“నువ్వు ఆరో తరగతిల ఉన్నప్పటిసంది అనుకుంట. ముందుగాల సన్న సప్పుళ్లు వోయినయి. లావు గొంతులైతె ఇప్పటికీ జర తెలుస్తయి.”

“మరి చెప్పకపోతివి?”

“చెప్తె సేఠ్ ఇంటికి పొమ్మంటడని భయం. నువ్వు సదువు బందువెట్టి పనికి వోతనంటవని ఇంకో భయం.”

మా తల మీద కోయిల ఒకటి చెవులు హోరెత్తేలా కూస్తోంది. ఆ మాటే చెప్పాను. బాపు చటుక్కున తలెత్తి, “అవునా? ఏ కొమ్మ మీద?” అన్నాడు.

ఆ రోజు ఇంకో చెట్టు రాయలేదు నేను. బస్సులో ఆయన పక్కన కూర్చుంటే పాత సంగతొకటి గుండెలో గుచ్చుకుంది. డిగ్రీ ఫలితాలు వచ్చిన రోజు ఆయన అటు తిరిగి గడ్డం గీసుకుంటున్నాడు. కాలేజీలో నేనే ఫస్ట్ అని వెనక నుంచి చెప్పాను. ఆయన తిరిగి చూడలేదు. నేను చదివినా చదవకపోయినా ఈయనకు పట్టదనుకుని వారం రోజులు మాట్లాడలేదు. మా గల్లీలో పగలూ రాత్రీ లూముల మోతే. అందరం అరిచే మాట్లాడుకుంటాం. అందుకే తెలియలేదని సర్దిచెప్పుకోబోయాను గానీ మనసు ఒప్పుకోలేదు.

ఇంటికి రాగానే అమ్మకు చెప్పాను. ఆమె రొట్టె చేయడం ఆపలేదు.

“నాకెరుకే” అంది. “అందుకే గద, నేనెప్పుడు ముంగటికొచ్చి నిలబడి మాట్లాడేది. నీకు చెప్పద్దని ఒట్టు వెట్టిచ్చుకున్నడు.”

ఆ పదకొండేళ్లూ ముగ్గురం ఈ ఒక్క గదిలోనే ఉన్నాం.

ఆ నెలలోనే రింగ్ రోడ్ దగ్గర చెవుల డాక్టరుకు చూపించాం. పోయిన వినికిడి తిరిగి రాదనీ, మిషన్ పెట్టుకుంటే ఉన్నది పనికొస్తుందనీ ఆయన చెప్పాడు. సేఠ్‌కు సంగతి చెబుతానని బాపు ఒక్కడే వెళ్లి, వింత చూసినవాడిలా తిరిగొచ్చాడు. సేఠ్ పగలబడి నవ్వి, చెవి వెనక చెయ్యి పెట్టుకుని, “ముఝే కౌన్‌సా సునాయీ దేతా హై?” అన్నాడట. తనకు మాత్రం వినపడి చచ్చిందా అని. ఆయన కూడా ఆ లూముల మధ్యే పెరిగినవాడు.

మిషన్ పెట్టుకున్న మొదటి రోజు బాపు గది మధ్యలో నిలబడి, అటూ ఇటూ చూసి, కంగారుగా పైకి వేలు చూపించాడు.

“ఈ ఫ్యాను గింత మొత్తుకుంటున్నదేందే? దీని కింద మీరెట్ల పండుకుంటున్నరు?”

నేనూ అమ్మా ముఖాలు చూసుకున్నాం. ఏళ్లుగా లూముల మోతకు అలవాటైన మాకు ఆ చప్పుడు ఎప్పుడూ వినిపించలేదు. బాపు అప్పటికే స్టూలు జరుపుకుని, నూనె డబ్బా ఎక్కడుందని అడుగుతున్నాడు.