మాట కోసం సంగారెడ్డికి

మా హర్షిణికి నాలుగేళ్ళు నిండినా మాట రాలేదు. పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడదు. సంగారెడ్డి పెద్దాసుపత్రిలో ఇలాంటి పిల్లలను చూస్తారని అంగన్‌వాడీ టీచరు చీటీ రాసిచ్చింది. ఒక మంగళవారం ఏడుంబావుకు పాపతో నేనూ మా అత్తమ్మా జహీరాబాద్‌లో బస్సెక్కాం. ఆడవాళ్ళకు జీరో టికెట్టే గాని ఆధార్ కార్డు చూపించాలి.

బస్సు కదులుతున్నంతసేపూ పాప కిటికీకి అతుక్కుని కూర్చుంది. సదాశివపేటలో ఆగగానే చెవులు మూసుకుని అరిచింది. వెనక సీటులో అల్లం మూటతో ఉన్న పెద్దమనిషి, "గారాబం ఎక్కువైంది బిడ్డా" అన్నాడు.

కారణాలు మా ఇంట్లోనూ తక్కువేం లేవు. అత్తమ్మది బీదర్ వైపు. ఇంట్లో ఆమె కన్నడం, నేను తెలుగు, గల్లీలో హిందీ. అందుకే పిల్ల తికమకపడుతోందని ఆమె నమ్మకం. వంట చేసుకుంటూ నేను చేతికిచ్చిన ఫోనే కారణమని మా ఆయన అంటాడు. నేను ఇద్దరినీ నమ్మాను.

తొమ్మిదికి చేరాం. అప్పటికే మా ముందు చాలామంది ఉన్నారు. పాప పుట్టినప్పటి కాగితాలు కూడా అడిగారు, వెళ్ళేవాళ్ళు వెంట ఉంచుకోండి. పదకొండున్నరకు డాక్టరమ్మ పాపను నేలమీద కూర్చోబెట్టి, బుడగలు ఊదుతూ, బొమ్మలిస్తూ, గంటసేపు చూసింది. తర్వాత ఆటిజం అని చెప్పింది.

"ఫోను ఇచ్చినందుకా మేడం? ఇంట్లో మూడు భాషలు మాట్లాడినందుకా?" అన్నాను.

"ఫోను తగ్గియ్యండి, మంచిదే. గానీ దాంతోని ఇది రాలే. మూడు భాషలతోని గూడ రాలే. మీ తప్పేం లేదమ్మా."

"మరెందుకొచ్చింది?"

"పుట్టుకతోనే ఉంటది. ఫలానా దాంతోనే వచ్చిందని చెప్పలేం."

"మాటొస్తదా?"

"రావచ్చు. ఎంత వస్తదో ఇప్పుడే చెప్పలేను. వారం వారం తీసుకరాండ్రి, నేర్పుదం."

తప్పు నాదైతే దిద్దుకునేదాన్ని. కాదంటే ఏం చెయ్యాలో తోచలేదు. బయటికి రాగానే అత్తమ్మ చీటీ అటూ ఇటూ తిప్పి, "మందు రాయలేదేందే?" అంది. దీనికి మందు లేదట అన్నాను. మందు లేని చోటికి వారం వారం ఎందుకని ఆమె అడిగింది. ఆసుపత్రి ఎదుట ఇడ్లీ తెచ్చుకున్నాం. పాప చట్నీ తగలని ఇడ్లీ మాత్రమే తింది.

మూడింటికి తిరుగు బస్సు దొరికింది. పాప నా ఒళ్ళో నిద్రపోయింది. పక్కన పసిబిడ్డతో కూర్చున్న ఒకామె, "పాపకేమైందక్కా?" అంది.

"ఆటిజం అట." ఆ మాట నా నోట రావడం అదే మొదలు.

"అంటే ఏంది?"

డాక్టరమ్మ చెప్పిందంతా చెవుల్లోనే ఉంది. ఒక్క ముక్కా కూర్చి చెప్పలేకపోయాను. ఆమె తన బిడ్డను అవతలి చేతికి మార్చుకుని, మెల్లగా, "అంటుకుంటదా అక్కా?" అని అడిగింది.

"అంటుకోదు" అన్నాను.

ఆ రోజంతటిలో నేను తడబడకుండా చెప్పిన మాట అదొక్కటే.